నలుపు శాతం

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక ఆడపిల్ల ఉంది. ఆమె పేరు నేను రాయను. వాళ్ళమ్మ పేరూ రాయను, ఊరి పేరూ రాయను. ఆ పిల్లకి పదో తరగతిలో వచ్చిన మార్కులు ఒకచోట చెప్పాల్సి వస్తుంది. అక్కడ అంకె మార్చేస్తాను. ఇవన్నీ నిశ్చయించుకోవడానికి నాకు అరనిమిషం పట్టింది. ఇదే పనిని మా ఆఫీసు రెండేళ్ళు చేసింది. ఎలా చేసిందో వినండి.

నేను పొట్నూరు జగన్నాథాన్ని. ఒక జిల్లా కోర్టులో రికార్డుల విభాగం సీనియర్ అసిస్టెంటుని. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. కోర్టు కాగితాలు ఎలకలు కొట్టకుండా, చెదలు పట్టకుండా, అడిగినవాళ్ళకి తొందరపడి దొరక్కుండా కాపాడటం నా ఉద్యోగం.

చట్టం చెప్పింది చిన్న మాట. పసిపిల్లల మీద నేరం జరిగితే ఆ పిల్లలెవరో బయటికి పొక్కకూడదు. ఇంతకంటే న్యాయమైన మాట ఉండదు. చట్టం లేకపోయినా ఏ తల్లయినా అదే చెబుతుంది. కాని మంచి మాటని ఆఫీసు చేతికి అప్పగించేముందు ఒకటికి పదిసార్లు ఆలోచించుకోవాలి. ఎక్కడో ఒక కోర్టులో నకలు కాగితంలో పిల్ల పేరు అలాగే ఉండిపోయి, అది ఫోన్లలో ఊరేగిందట. పైవాళ్ళకి కోపం వచ్చింది. జిల్లాకొక గోప్యతా పరిరక్షణాధికారిని వేశారు. మా జిల్లాకి మంత్రిప్రగడ విశ్వపతిగారు వచ్చారు. అంతకుముందు ఆయన ఏ శాఖలో పనిచేసినా, ఆ శాఖ ఏం చేస్తోందో జనానికి తెలిసేది కాదని పేరు. ఆ అనుభవం చూసే ఎంపిక చేశారని చెప్పుకున్నారు.

వచ్చిన రోజే ఆయన బల్లమీద నల్ల సిరా బుడ్డి, మూడు సైజుల కుంచెలు, ఒక స్కేలు పెట్టించుకున్నారు. ఒక చార్జిషీటు తెమ్మన్నారు. తెచ్చాను. స్కేలు పెట్టి, పిల్ల పేరు మీద గీత కొట్టి, చేతిరుమాలుతో కుంచె తుడుచుకుని నావైపు చూశారు.

"జగన్నాథంగారూ, ఇప్పుడీ పిల్ల ఎవరో మీకు తెలుస్తుందా?"

"తెలీదండి."

"తండ్రి పేరు అక్కడే ఉందిగా. తండ్రి తెలిస్తే పిల్ల తెలియదా?"

నిజమే కదా అనిపించింది. తండ్రి పేరు కొట్టేశాం. తండ్రిని కొట్టేసి తల్లిని ఉంచడం వివక్ష అన్నారు. తల్లినీ కొట్టేశాం. ఊరు, వీధి, బడి, తరగతి వరసగా నల్లబడ్డాయి. తరవాతి పేజీలో ఆ పిల్ల మూడు నల్ల మేకలను తోలుకుపోతుండగా అని ఉంది. ఆయన ఉలిక్కిపడ్డారు.

"మూడు మేకలు! అవీ నల్లవి! ఒక ఊళ్ళో ఇలాంటి కుటుంబాలు ఎన్నుంటాయి? సదరు మేకల ద్వారా సదరు బాలికను గుర్తించే అవకాశం కలదు."

"అంకె కొట్టేసి మేకల్ని ఉంచుదామా సార్?"

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. "అంకె, రంగు, మేకలు, మూడూ తొలగించండి."

అక్కడితో ఆగినా బాగుండేది. ముద్దాయి దగ్గరికి వచ్చేసరికి ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. ముద్దాయి పక్కింటివాడు. పక్కింటివాడు ఎవరో తెలిస్తే ఈ ఇల్లేదో తెలియదా అన్నారు. ముద్దాయి పేరూ నల్లబడింది. మర్నాడు ముద్దాయి తరఫు వకీలు మా సెక్షనుకి పనిగట్టుకుని వచ్చి, ప్రభుత్వం ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేసిందని అందరికీ టీలు ఇప్పించాడు.

తారీకు తెలిస్తే ఆ రోజు ఆ ఊళ్ళో ఏం జరిగిందో తెలుస్తుంది కాబట్టి తారీకు తీసేశాం. సెక్షను నంబరు చూస్తే నేరం తెలుస్తుంది, నేరం తెలిస్తే బాధితురాలు పిల్ల అని తెలుస్తుంది కాబట్టి సెక్షనూ తీసేశాం. సాయంత్రానికి పన్నెండు పేజీల చార్జిషీటులో "సదరు", "మరియు", "పైన తెలిపిన విధంగా", "అనుచు" అనే మాటలు, ఇన్‌స్పెక్టరు సంతకం కింద రబ్బరు ముద్రలో సగం మిగిలాయి. విశ్వపతిగారు దాన్ని కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టి చూసి తృప్తిపడ్డారు.

ఆ తరవాత రాజధాని నుంచి ఒక పట్టీ వచ్చింది. ప్రతి నెలా అయిదో తారీకుకి నలుపు శాతం పంపాలి. అంటే మొత్తం రికార్డులో ఎంత భాగం నల్లబడిందీ అని. మొదటి నెల మాది నలభయ్యొక్క శాతం. పక్క జిల్లావాళ్ళది యాభయ్యెనిమిది. విశ్వపతిగారు ఆ రోజు మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు.

"మన జిల్లాలో బాలికలకు యాభయ్యెనిమిది శాతం రక్షణ కూడా లేదా? ఏం ముఖం పెట్టుకుని జీతం తీసుకుంటున్నాం?" అన్నారు.

నాకు రోషం వచ్చింది. నేనూ ఈ జిల్లావాణ్ణే. కుంచె పట్టుకోవడం నాకు బాగా వచ్చేసింది. చెయ్యి వణక్కుండా, అంచు దాటకుండా, వెనకవైపు సిరా దిగకుండా గీత కొట్టగలిగేవాణ్ణి. నా గీతల్ని మిగతా గుమాస్తాలకి నమూనాగా చూపించేవారు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కాని, అప్పుడు గర్వంగానే ఉండేది.

కాగితాల సంగతి అలా ఉండగా, మనుషుల గోప్యత కోసం కూడా ఏర్పాట్లు జరిగాయి. కోర్టు వరండాలో ఒక మూల బెంచీ వేసి, దాని చుట్టూ మెరూన్ రంగు తెర కట్టించి, మీద బోర్డు రాయించారు. "గోప్య బాలికల విశ్రాంతి స్థలం. లోపల ఉన్నదెవరో ఎవరూ చూడరాదు." అంతకుముందు ఆ మూలకేసి ఎవరూ చూసేవారు కాదు. బోర్డు పెట్టాక, వాయిదాకి వచ్చినవాళ్ళంతా తెర కింద కనిపించే చెప్పుల్ని చూసి, చెప్పుల్ని బట్టి ఏ ఊరో పందేలు కట్టడం మొదలుపెట్టారు. పేరు పెట్టి పిలవకూడదు కనక పిల్లలకి నంబర్లిచ్చారు. మా బంట్రోతు తవిటయ్యకి యాభయ్యేళ్ళు పైబడ్డాయి కాని గొంతు మాత్రం తగ్గలేదు. "గోప్య బాలిక ఏడో నంబరూ! ఏడో నంబరు గోప్య బాలికా!" అని మూడుసార్లు పిలిస్తే బస్టాండు దాకా వినపడేది.

సమన్లు కూడా ఇదివరకటిలా ఒక కానిస్టేబులు సైకిలు మీద వెళ్ళి ఇచ్చి రావడం మానేశారు. ప్రత్యేక జీపు వచ్చింది. దాని నాలుగు వైపులా ఎర్రక్షరాలతో "గోప్యం" అని రాసి ఉండేది. ఆ జీపు ఏ వీధిలో ఆగితే ఆ వీధి వీధంతా బయటికొచ్చి నిలబడేది. చివరికి తేలిందేమంటే, ఊరందరికీ అన్నీ తెలుసు, ఒక్క ఫైలుకే ఏమీ తెలీదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ ఏడో నంబరు పిల్లదే నా కథ.

కేసు మొదలయ్యేటప్పటికి ఆమె పదో తరగతి. ఆ గొడవల్లోనే పరీక్షలు రాసింది. స్కూల్లోకెల్లా, ఆ మండలంలోకెల్లా ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. వయసు రుజువు కోసమని మార్కుల మెమో అసలుది పోలీసులు తీసుకుని కోర్టులో దాఖలు చేశారు, నెలలో ఇచ్చేస్తామన్నారు. కోర్టు నెల సంగతి మీకు తెలియంది కాదు. పిల్ల ఏడాదిపాటు ఇంట్లోనే ఉంది. బయటికొస్తే చిన్నపిల్లలు కూడా ఏడో నంబరు అని పిలుస్తున్నారని గడప దాటలేదు. ఈ ఏడు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసి, నాలుగు జిల్లాల అవతల ఒక కాలేజీలో హాస్టలుతో సహా సీటు తెచ్చుకుంది. అక్కడ తనని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ కాలేజీని ఏరి ఏరి ఎంచుకున్నది అందుకే. శుక్రవారం పదింటికల్లా అసలు మెమో చూపించాలి. లేకపోతే సీటు తరవాతివాళ్ళకి పోతుంది.

సోమవారం తల్లీ కూతురూ మా సెక్షనుకి వచ్చారు. తల్లి గుమ్మం బయటే చెప్పులు విడిచింది.

"బాబూ, మా గుంట మెమో కోసరం వచ్చినాం. శుక్రారం కాలేజీలో సూపించాలట. ఇచ్చీండి బాబూ, దండవెడతాను."

"ఏ కేసమ్మా?"

"మా గుంట కేసే బాబూ. మా గుంట పేరు..."

లోపలి గదిలోంచి విశ్వపతిగారు పరుగున వచ్చి రెండు చెవులూ మూసుకున్నారు. "చెప్పొద్దు! చెప్పొద్దమ్మా! మీరిప్పుడు చెయ్యబోయింది నేరం!"

"పేరు సెప్పడం నేరమేటి బాబూ? నాను పెట్టుకున్న పేరే."

"పెట్టింది మీరు కావచ్చు. పరిరక్షిస్తున్నది మేము."

ఆవిడ కొంగు ముడిలోంచి ఆధార్ కార్డు తీసి బల్లమీద పెట్టింది. విశ్వపతిగారు ముఖం పక్కకి తిప్పుకుని, వేలి చివరతో ఆ కార్డుని బోర్లా తిప్పారు. తరవాత గోప్య ఫారం నాలుగు తీసి చదివి వినిపించారు. దరఖాస్తుదారు తన పేరుగాని, తన బిడ్డ పేరుగాని, చిరునామాగాని ఎక్కడా తెలియపరచకుండా, తానే సదరు బిడ్డ తల్లినని నిస్సందేహంగా రుజువు చేయవలెను. అందుకు సాక్ష్యంగా, దరఖాస్తుదారును ఎరగనివారైన ఇద్దరు పెద్దమనుషులు, ఆమెను బాగుగా ఎరుగుదుమని సంతకం చేయవలెను.

"నన్నెరగనోలు నన్నెరుగుదుమని ఎలాగ రాస్తారు బాబూ?"

"ఎరిగినవారు రాస్తే గోప్యత ఎక్కడ ఏడిచిందమ్మా?"

పిల్ల గోడనున్న కేలండరుకేసి చూస్తూ శుక్రవారానికి వేళ్ళమీద లెక్క పెట్టుకుంటోంది. తల్లి ఆ ఫారం పట్టుకుని సాక్షులకోసం బయటికి వెళ్ళింది. టీ బడ్డీ, జెరాక్స్ దుకాణం, స్టాంపు వెండరు, నోటరీ, అందర్నీ అడిగింది. కోర్టు ఆవరణలో ఆమెను ఎరగనివాడు ఒక్కడూ దొరకలేదు. "ఏడో నంబరు పాప తల్లివి కదా, నిన్నెరక్కపోవడమేటమ్మా" అని అందరూ జాలిపడ్డారు. చివరికి బస్టాండుకి వెళ్ళి, పర్లాకిమిడి బస్సుకోసం నిలబడ్డ ఇద్దర్ని పట్టుకొచ్చింది. వాళ్ళకి తెలుగు రాదు. ఏ కాగితమో అడక్కుండా ఒరియాలో సంతకాలు పెట్టి, బస్సు వెళ్ళిపోతోందని పరుగెత్తారు. విశ్వపతిగారు ఆ ఫారం చూసి, గోప్యతా నిబంధనల్ని ఇంత పకడ్బందీగా పాటించిన దరఖాస్తు తన సర్వీసులో ఇదే మొదటిదని మెచ్చుకున్నారు.

మంగళవారం పని ఇనప్పెట్టె దగ్గర ఆగింది. ఏ నంబరు ఏ పిల్లదో రాసిన కాగితాలు సీలు కవర్లలో ఆ పెట్టెలో ఉంటాయి. ఏడో నంబరు ఈ పిల్లే అని నిర్ధారించాలంటే కవరు తెరవాలి. కవరు తెరవాలంటే ఎవరి కవరు తెరుస్తున్నామో రిజిస్టరులో పేరు రాయాలి. పేరు తెలియాలంటే కవరు తెరవాలి.

"మరి ఎలా సార్?" అన్నాను.

"ఎలా అనేది మన పరిధిలోని అంశం కాదు. స్పష్టత కోరుతూ పైకి రాద్దాం."

రాశారు. పంపేముందు అలవాటు ప్రకారం ఆ ఉత్తరాన్నీ నాచేత నలుపు చేయించారు. పై ఆఫీసు నుంచి సాయంత్రానికే జవాబు రావడం చూసి అందరం ఆశ్చర్యపోయాం. "తమ లేఖలో విషయము కానరాలేదు. నలుపు నాణ్యత మాత్రం ప్రశంసనీయము." ఆ రెండో వాక్యాన్ని విశ్వపతిగారు కత్తిరించి బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. తల్లీ కూతురూ సాయంత్రం ఆరు దాకా మెట్లమీద కూర్చుని వెళ్ళిపోయారు. తెర వెనక బెంచీ మీద కూర్చోమని తవిటయ్య చెప్పబోతే ఆ పిల్ల చూసిన చూపుకి అతను నోరు మూసుకున్నాడు.

బుధవారం వాళ్ళ తరఫు లాయరు రోణంకి ఉషారాణి సహనం పోయి, తిన్నగా జడ్జిగారి ముందుకే వెళ్ళింది. జడ్జిగారు బదిలీమీద వచ్చి పదిరోజులైంది. ఫైలు తెప్పించుకుని తెరిచారు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇందులో ఏముంది?"

"అన్నీ ఉన్నాయి సార్. కనపడకుండా ఉన్నాయి," అన్నారు విశ్వపతిగారు వినయంగా.

"నేనిది చదివి తీర్పు చెప్పాలి."

"తమరు చదివితే తమరికి తెలిసిపోతుంది సార్."

జడ్జిగారు ఈ ఫైలు సంగతి తరవాత తేలుస్తానని, ముందు ఆ పిల్ల కాగితం ఆ పిల్లకి గంటలో ఇవ్వమని ఒక్క వాక్యంలో ఆర్డరు రాసి సంతకం పెట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫైలు నేనే సెక్షనుకి మోసుకొచ్చి, నేనే దారం విప్పి, నేనే మెమో బయటికి తీశాను.

మెమో అంతా నలుపు. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, బడి పేరు, హాల్ టికెట్ నంబరు, ఆరు సబ్జెక్టుల మార్కులు, మొత్తం మార్కులు, అన్నీ గీత పక్కన గీతగా, అంచు దాటకుండా, వెనకవైపు దిగకుండా. కింద మూలన నలుపు చేసినవారి పొట్టి సంతకం నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. అది జనవరి నాలుగో తారీకు. మర్నాడు పట్టీ పంపాలి. మా శాతం ఎనభయ్యొకటి దగ్గర ఆగిపోయింది, పక్క జిల్లా ఎనభై రెండు. ఏదైనా నిండుగా రాసిన పేజీ ఉంటే చూడమని విశ్వపతిగారు నన్ను తొందరపెట్టారు. కేసు కాగితాలు మాత్రమే నలుపు చెయ్యాలని, తిరిగి ఇవ్వాల్సిన అసలు సర్టిఫికెట్లు ముట్టుకోకూడదని ఇరవయ్యారేళ్ళ సర్వీసున్న నాకు తెలియదా? తెలుసు. అప్పటికి కేసు కాగితాలన్నీ అయిపోయాయి. ఈ మెమోలో తెల్ల జాగా తక్కువ, అక్షరాలు ఎక్కువ. చేతికి వచ్చింది, చేసేశాను. ఆ నెల రాష్ట్రంలో మొదటి స్థానం మాకే వచ్చింది.

పిల్ల బల్ల దగ్గరికి వచ్చి ఆ కాగితం తీసుకుంది. ముందుకి, వెనక్కి తిప్పి చూసింది. రెండేళ్ళలో ఆ పిల్ల నాతో మాట్లాడింది అదే మొదటిసారి.

"పేరు కొట్టీసినారు, సరే. మార్కులెందుకు కొట్టీసినారు బాబూ?"

విశ్వపతిగారు జవాబిచ్చారు.

"అయిదువందల డెబ్బయ్యెనిమిది మార్కులు మీ మండలంలో ఒక్కరికే వచ్చాయమ్మా. మార్కులు చూస్తే నిన్ను గుర్తుపడతారు."

"గుర్తుపడితే పట్టనీండి. ఆ మార్కులు తెచ్చింది నానే కదా. అదేటి సిగ్గుపడే పనా?"

ఉషారాణి కోపంతో ఎర్రబడిపోయింది. అసలు కాగితాన్ని పాడుచేశామని, కొత్తది ఇవ్వమని పరీక్షల బోర్డుకి ఉత్తరం రాసివ్వమంది. విశ్వపతిగారు "పాడుచేశాము" అన్న మాటకి ఒప్పుకోలేదు. పత్రం పోలేదు, చిరగలేదు, పరిరక్షింపబడింది అన్నారు. అరగంట వాదన తరవాత ఆయనే స్వయంగా ఒక ఉత్తరం తయారుచేశారు. కోర్టు ముద్ర ఉన్న కాగితం, పైన ఎర్రక్షరాలతో అత్యంత గోప్యం అని స్టాంపు. "ఈ లేఖను తెచ్చిన గోప్య బాలిక నం. 7, ఈ న్యాయస్థానములో విచారణలో ఉన్న బాలికలపై నేరముల కేసులో బాధితురాలగుటచే, ఆమె ధ్రువపత్రము గోప్యతా కారణముల దృష్ట్యా నలుపు చేయబడినది. దీనిని బోర్డువారు, కళాశాలవారు, వసతిగృహమువారు గమనించవలెను."

పిల్ల దాన్ని రెండుసార్లు చదివింది. మడిచి బల్లమీద పెట్టేసింది.

"ఇది తీసుకెల్తే అక్కడా తెలిసిపోద్ది. నాను ఎల్తన్నదే అక్కడ తెలీదని. నాకొద్దు బాబూ."

"ఒగ్గీ తల్లీ, ఒగ్గీ. ఎల్లిపోదాం రా," అని తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆవిడ ఏడవడం నేను చూశాను. తిట్టినా బాగుండేది.

వాళ్ళు గేటు దాటారు. రెండేళ్ళుగా ఈ పిల్లని కాపాడుతున్నామని జీతం తీసుకున్నాం, పట్టీలు పంపాం, మొదటి స్థానం తెచ్చుకున్నాం. ఆమె దగ్గర లోకానికి చూపించుకోదగ్గ కాగితం ఒక్కటుంటే, దాన్ని నా చేత్తో నేనే తుడిచేశాను. నేను సెలవు చీటీ రాశాను. మొదటి స్థానం వచ్చినందుకు రాజధానిలో షీల్డు తీసుకోవడానికి విశ్వపతిగారు మర్నాడు బయల్దేరే హడావిడిలో ఉండి, కారణం చదవకుండానే సంతకం పెట్టారు. బయటికొచ్చి, బస్టాండులో తల్లీ కూతుళ్ళని పట్టుకుని, రేపు పొద్దుటి బండికి బోర్డు ఆఫీసుకి వెళదామని, ఏ ఉత్తరమూ అక్కర్లేదని, చెప్పాల్సిందేదో నేనే చెబుతానని అన్నాను. తల్లి నన్ను నమ్మలేదు. నమ్మాల్సిన పని ఏం చేశానని? పిల్లే కాసేపు ఆలోచించి సరేనంది.

గురువారం పదకొండింటికి బోర్డు ప్రాంతీయ కార్యాలయం కిటికీ ముందు నిలబడ్డాం. ప్రవేశాల కాలం కనక నలభై యాభైమంది ఉన్నారు. కిటికీ లోపల ఒక పెద్దావిడ, కళ్ళద్దాలకి గొలుసు వేలాడుతోంది. పాడైన మెమోకి బదులు కొత్తది కావాలన్నాను. ఆవిడ మెమో అందుకుని ఎత్తి చూసింది.

"ఏమిటిది?"

"సిరా ఒలికిందండి. నా చేతులమీదే ఒలికింది."

"ఏమయ్యా, సిరా ఒలికితే ఇలా వరసలు వరసలుగా ఒలుకుతుందా? స్కేలు పెట్టి ఒలికిందా?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. దారిపొడుగునా కట్టుకున్న అబద్ధం అక్కడితో అయిపోయింది.

"ఒలకలేదండి. నేనే కొట్టాను."

"ఎందుకు కొట్టావు?"

ఎందుకో చెబితే పిల్ల సంగతి చెప్పాలి. చెప్పకపోతే కాగితం రాదు. ఇరవయ్యారేళ్ళుగా ఆఫీసు భాషలో జవాబులు రాసినవాణ్ణి. ఒక్కటీ నోటికి రాలేదు.

"బుద్ధి లేకండి."

ఆవిడ కళ్ళద్దాలు దించి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "వయసొచ్చినవాడివి, చొక్కా జేబులో పెన్నుంది, చదువుకున్నవాడిలాగే ఉన్నావు. పిల్ల పదేళ్ళు చదివిన చదువయ్యా ఇది! నీ పిల్ల కాగితమైతే ఇలా చేస్తావా? ఎంతెంత శ్రద్ధగా కొట్టావో చూడు, ఒక్క అక్షరం మిగలనివ్వలేదు. నీకేం ద్రోహం చేసిందయ్యా ఈ పిల్ల?"

నేను తల వంచుకున్నాను. ఆవిడ ఒక్క మాటా తప్పు మాట్లాడలేదు. రెండేళ్ళలో నా పని గురించి ఎవరైనా సరిగ్గా రాసిన నివేదిక ఉంటే అది ఇదే. ఆవిడ పిల్లవైపు తిరిగింది.

"ఈయన నీకేమవుతాడమ్మా?"

పిల్ల నాకేసి ఒకసారి చూసింది.

"మావయ్యండి," అంది. ఒక్క క్షణం ఆగి, "పాపం, మతి సరిగా ఉండదండి," అంది.

ఆవిడ ముఖం మెత్తబడింది. "అయ్యో! అలాటాయన చేతికి కాగితాలెందుకిచ్చారమ్మా?"

"మాం ఇవ్వలేదండి. ఆరే తీసుకున్నారు."

ఆవిడ నాలుక చప్పరించి, ఒక ఫారం కిటికీలోంచి జరిపింది. కాగితాన్ని పాడుచేసినవారి పేరు అన్నచోట నా పేరు ఇంటిపేరుతో సహా రాసి సంతకం పెట్టాను. హాల్ టికెట్ నంబరు పిల్ల చూడకుండా గడగడా చెప్పింది. మూడింటికి రమ్మన్నారు. ముగ్గురం బయట చెట్టు కింద అరటిపళ్ళు తిని కూర్చున్నాం. తల్లి ఒకసారి, మీకు నిజంగా మతి బాగానే ఉందా బాబూ అని అడిగింది. ఇప్పుడిప్పుడే కుదురుతోందమ్మా అన్నాను.

మూడుంబావుకి ఆవిడ కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఇంటిపేరుతో సహా ఆ పిల్ల పేరు గట్టిగా పిలిచింది. హాలంతా జనం. ఫోన్లు చూసుకునేవాళ్ళు, ఫారాలు నింపుకునేవాళ్ళు, కునుకు తీసేవాళ్ళు. ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఆ పిల్ల "నానేనండీ" అని లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, కొత్త మెమో రెండు చేతులతో అందుకుని, అక్కడే నిలబడి మార్కులు ఒక్కొక్కటే చదువుకుంది.